నిజం చెప్పిన దొంగ, భయపడిన రాజ్యం

2009 జూన్ 8న హబీబ్ తన్వీర్ భోపాల్‌లో కన్నుమూశారు. ఎనభై అయిదేళ్ల జీవితంలో అరవై ఏళ్లకు పైగా రంగస్థలానికే అర్పించిన మనిషి. అన్ని పార్టీల నాయకులూ ఆనవాయితీ ప్రకారం సంతాపం ప్రకటించారు. ఛత్తీస్‌గఢ్ మట్టి పరిమళాన్ని ప్రపంచానికి పంచిన మహానుభావుడని కొనియాడారు. సరిగ్గా రెండు నెలలకు, అదే సంవత్సరం ఆగస్టులో, అదే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆయన రాసిన నాటకాల్లోకెల్లా ప్రసిద్ధమైన ‘చరణ్‌దాస్ చోర్’ పుస్తకాన్ని నిషేధించింది. సత్నామీ సమాజం మనోభావాలు దెబ్బతిన్నాయన్నది అందుకు చెప్పిన కారణం.

ఈ వార్తలో ఒక చేదు విశేషం ఉంది. ఆ నాటకం తొలి రూపం ప్రాణం పోసుకున్నది భిలాయిలో. దాన్ని మొట్టమొదట చూసినవారు, ఆదరించినవారు, తమ పాటలతో దానికి ఊపిరినిచ్చినవారు సత్నామీలే. 1974లో ఏ ప్రజల సమక్షంలో ఆ నాటకం పుట్టిందో, 2009లో ఆ ప్రజల పేరు మీదనే నిషేధానికి గురైంది. ఈ ముప్ఫై అయిదేళ్ల ప్రయాణంలో నాటకం మారలేదు. మారింది రాజకీయం. ఆ మార్పును అర్థం చేసుకోవాలంటే హబీబ్ తన్వీర్ జీవితాన్ని మొదటినుంచీ చూడాలి.

రాయ్‌పూర్ నుంచి బొంబాయికి

1923 సెప్టెంబర్ 1న రాయ్‌పూర్‌లో పుట్టిన ఆయన అసలు పేరు హబీబ్ అహ్మద్ ఖాన్. తండ్రి పెషావర్ నుంచి వచ్చి స్థిరపడినవారు. కవిత్వం రాయడం మొదలుపెట్టాక ‘తన్వీర్’ అన్న కలంపేరు ఇంటిపేరైంది. 1944లో నాగపూర్ మోరిస్ కళాశాలలో పట్టా పుచ్చుకుని, అలీగఢ్‌లో ఒక ఏడాది ఎం.ఏ. చదివి, 1945లో బొంబాయి చేరారు. ఆకాశవాణిలో పనిచేశారు. సినిమాలకు పాటలు రాశారు, నటించారు, పత్రికలకు సమీక్షలు రాశారు. కవి, నటుడు, పాత్రికేయుడు, గాయకుడు, ఆ తరువాత నాటకకర్త, దర్శకుడు. ఇన్ని విద్యలు ఒక్కచోట చేరిన మనుషులు ఆ తరంలో అరుదేమీ కాదు. స్వాతంత్ర్యోద్యమమూ, అభ్యుదయ సాహిత్యోద్యమమూ కలిసి పారిన కాలమది.

1943లో ఏర్పడిన భారత ప్రజా నాట్య సంఘం, అనగా ఇప్టా, ఆయనకు అసలైన పాఠశాల. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లో కమ్యూనిస్టులపై నిర్బంధం పెరిగి ఇప్టా నాయకులు పలువురు జైలు పాలైనప్పుడు బొంబాయి శాఖ బాధ్యత యువకుడైన తన్వీర్ భుజాన పడింది. తెలుగు పాఠకులకు ఈ వాతావరణాన్ని వేరే వర్ణించి చెప్పనవసరం లేదు. సరిగ్గా అదే కాలంలో గరికపాటి రాజారావు నాయకత్వాన ఆంధ్ర ప్రజానాట్యమండలి ఊరూరా తిరిగింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘మాభూమి’ నాటకం జనాన్ని ఉర్రూతలూగించి, మద్రాసు ప్రభుత్వ నిషేధానికి గురైంది. నాజర్ బుర్రకథ పల్లె పల్లెనా మోగింది. ఆ నిర్బంధంలోనే ఆ దళాలు చెదిరిపోయాయి. మనవారిలో చాలామంది ఆ తరువాత సినిమా రంగానికి తరలివెళ్లారు. తన్వీర్ మాత్రం 1954లో బొంబాయినీ, సినిమానూ విడిచి ఢిల్లీ వెళ్లి నాటకాన్నే ఎంచుకున్నారు.

కవి కనిపించని నాటకం

ఢిల్లీలో అదే సంవత్సరం ఆయన రాసి ప్రదర్శించిన ‘ఆగ్రా బజార్’ ఆయన భవిష్యత్తుకు సూచిక. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల సంధిలో జీవించిన నజీర్ అక్బరాబాదీ అనే కవి గురించిన నాటకమది. నజీర్ దోసకాయల మీద రాశాడు, లడ్డూల మీద రాశాడు, హోలీ మీద, దీపావళి మీద, రొట్టె మీద, పేదరికం మీద రాశాడు. అందుకే ఆనాటి పండితులు ఆయనను కవిగా లెక్కించలేదు. నాటకంలో కథ అంటూ పెద్దగా లేదు. దోసకాయలు అమ్ముకునే ఒక చిరువ్యాపారికి బేరాలు లేవు. తన సరుకు మీద ఎవరైనా నాలుగు పాదాలు రాసిస్తే పాడుకుంటూ అమ్ముకోవచ్చునని ఆశపడతాడు. పేరున్న కవులు తరిమేస్తారు. నజీర్ రాసిస్తాడు. బజారంతా పాటతో మారుమోగుతుంది.

గమనించవలసిన సంగతి ఏమిటంటే, నాటకం మొత్తంలో నజీర్ ఒక్కసారి కూడా వేదిక మీదికి రాడు. కవి కనిపించడు, అతని పాట మాత్రం జనం నోట వినిపిస్తుంది. జామియా మిల్లియా విద్యార్థులతోపాటు సమీపంలోని ఓఖ్లా గ్రామస్తులను కూడా తన్వీర్ ఈ ప్రదర్శనలోకి తీసుకువచ్చారు. రచయిత తెర వెనక్కి తప్పుకుని జనాన్ని ముందు నిలబెట్టడమనే ఆయన పద్ధతికి ఇక్కడే బీజం పడింది.

1955లో ఇంగ్లండు వెళ్లి లండన్‌లోని రాయల్ అకాడమీలోనూ, బ్రిస్టల్ ఓల్డ్ విక్ పాఠశాలలోనూ శిక్షణ పొందారు. ఐరోపా అంతా తిరిగారు. 1956లో బెర్లిన్ చేరేసరికి బెర్టోల్ట్ బ్రెక్ట్ అప్పుడే కన్నుమూశారు. అయితే ఆయన నాటకాలు బెర్లినర్ ఎన్సెంబుల్‌లో ఆడుతూనే ఉన్నాయి. ఎనిమిది నెలలపాటు అక్కడే ఉండి చూశారు. ప్రేక్షకుణ్ణి కన్నీళ్లలో ముంచకుండా ఆలోచింపజేయడం, పాటను కథకు వ్యాఖ్యానంగా వాడడం, వేదికను వేదికగానే చూపించడం బ్రెక్ట్ పద్ధతులు. వాటిని చూస్తున్న తన్వీర్‌కు తన చిన్ననాటి పల్లె ప్రదర్శనలు గుర్తుకు వచ్చి ఉంటే ఆశ్చర్యం లేదు. బెర్లిన్‌కు వెళ్లి బ్రెక్ట్‌ను అనుకరించడం నేర్చుకుని వచ్చినవారు అనేకులు. తన్వీర్ తిరిగివచ్చి ఛత్తీస్‌గఢ్ దారి పట్టారు.

పదిహేనేళ్ల పొరపాటు

1958లో శూద్రకుని ‘మృచ్ఛకటికం’ ఆధారంగా ‘మిట్టీ కీ గాడీ’ ప్రదర్శిస్తూ ఛత్తీస్‌గఢ్ నుంచి ఆరుగురు జానపద కళాకారులను ఢిల్లీకి తీసుకువచ్చారు. 1959లో సహచరి మోనికా మిశ్రాతో కలిసి ‘నయా థియేటర్’ స్థాపించారు. అయితే ఆ తరువాత చాలాకాలం ఆశించిన ఫలితం రాలేదు. పల్లెలో రాత్రంతా వేలాది మందిని నవ్వించి ఏడిపించే నటులు ఢిల్లీ వేదికమీద బిగుసుకుపోయేవారు. లోపం నటులలో లేదనీ, తనలోనే ఉన్నదనీ తెలుసుకోవడానికి తనకు చాలా ఏళ్లు పట్టిందని తన్వీర్ తరువాత నిజాయితీగా ఒప్పుకున్నారు.

ఆ పొరపాట్లు రెండు. మొదటిది భాష. ఛత్తీస్‌గఢీ మాట్లాడే మనుషులచేత ఆయన ప్రామాణిక హిందీ పలికించారు. మాతృభాషలో మెరుపులా పలికే నోరు పరాయి పలుకుబడిలో తడబడింది. రెండవది కదలిక. ఇంగ్లండులో నేర్చుకున్న పద్ధతిలో, ఫలానా మాటకు ఫలానా చోటికి నడవాలని గీతలు గీసి నిర్దేశించారు. చదువురాని ఆ నటులకు కుడీ ఎడమల లెక్కలు బంధనాలయ్యాయి. జనం చుట్టూ కూర్చుని ఉండగా, ఎవరు మెచ్చుకుంటే అటు తిరిగి సంభాషణను పెంచుకుంటూ పోవడం వారికి అలవాటు.

వారి కళారూపం పేరు నాచా. చీకటి పడ్డాక మొదలై తెల్లవారేదాకా సాగుతుంది. ఆటపాటల మధ్య చిన్న చిన్న ప్రహసనాలు ఆడతారు. ఆడవేషాలు కూడా మగవారే కడతారు. రాసిపెట్టుకున్న పాఠం అంటూ ఉండదు. అందులోని జోకర్ మన తోలుబొమ్మలాటలోని కేతిగాడి వంటివాడు. రాజునైనా, షావుకారునైనా, పూజారినైనా నిలదీసి నవ్వులపాలు చేయగల హక్కు అతనికి పరంపరగా వచ్చింది. దావూ మందరాజీ వంటివారు తమ ఆస్తిని ధారపోసి పెంచిన కళ అది.

1973లో రాయ్‌పూర్‌లో తన్వీర్ నాచా కళాకారులతో పెద్ద శిబిరం నడిపారు. ఈసారి వారి భాషను వారికే వదిలేశారు, కదలికలనూ వదిలేశారు. మూడు పాత ప్రహసనాలను కలిపి ‘గావ్ కా నామ్ ససురాల్, మోర్ నామ్ దామాద్’ అనే నాటకం తయారైంది. అది ఛత్తీస్‌గఢీలోనే ఢిల్లీలో ఆడింది, ఢిల్లీ ప్రేక్షకులు దాన్ని అందుకున్నారు. భాష అర్థంకాదేమో అన్న భయం ఒక్కసారిగా పటాపంచలైంది.

తెలుగులో ఈ పోరాటం మనకు కొత్తది కాదు. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కం’తో గురజాడ జనం మాట్లాడే భాషకు రంగస్థలంమీద పీట వేశారు. గురజాడకు వ్యావహారిక భాష సాహిత్య గౌరవం కోసం చేసిన వాదం. తన్వీర్ దగ్గరికి వచ్చేసరికి అది నటుడి శరీరానికి, గొంతుకు సంబంధించిన స్వేచ్ఛ కూడా అయింది. ఇద్దరిదీ ఒకే నమ్మకం: జనం భాషను వేదికమీదినుంచి దింపేస్తే జనం కూడా దిగిపోతారు.

భిలాయి మైదానంలో ఒక రాత్రి

1974లో తన్వీర్ భిలాయిలో మరొక శిబిరం పెట్టారు. అప్పటికి ఆ ఉక్కు నగరం వయసు రెండు దశాబ్దాలు కూడా లేదు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దల్లీ రాజహరా గనుల నుంచి ఖనిజం వచ్చేది, భిలాయి నుంచి దేశమంతటికీ రైలు పట్టాలు వెళ్లేవి. దేశం నలుమూలల నుంచి మనుషులు వచ్చి సెక్టార్లలో స్థిరపడ్డారు. వారిలో తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. ముఖ్యంగా ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి. నెహ్రూ కాలపు ఆధునిక భారతానికి భిలాయి నమూనా అయితే, దాని చుట్టూ ఉన్న దుర్గ్, రాజనందగావ్ పల్లెలు నాచా, పండవానీ, పంథీ కళలకు పుట్టిళ్లు. పగలు ఫ్యాక్టరీ, రాత్రి పాట అన్నట్టు ఆ రెండు లోకాలూ పక్కపక్కనే ఉన్నాయి. పండవానీ కథకురాలిగా ప్రపంచ ఖ్యాతి గడించిన తీజన్‌బాయి పుట్టిన గనియారీ గ్రామం భిలాయికి దగ్గరే. ఆమె భిలాయి ఉక్కు కర్మాగారంలోనే ఉద్యోగం చేశారు. ఆమె ప్రతిభను తొలినాళ్లలో గుర్తించి పెద్ద వేదికలకు పరిచయం చేసినవారిలో తన్వీర్ ఒకరు.

శిబిరంలో ఆయన చేపట్టిన కథ ఛత్తీస్‌గఢ్‌ది కాదు. రాజస్థానీ రచయిత విజయదాన్ దేథా తన ప్రాంతపు జానపద గాథల నుంచి తిరగరాసిన కథ. ఒక దొంగ సరదాకు గురువు ముందు నాలుగు ప్రతిజ్ఞలు చేస్తాడు. బంగారు పళ్లెంలో తినను, ఏనుగెక్కి ఊరేగను, రాణిని పెళ్లాడను, రాజ్యమిచ్చినా ఏలను అంటాడు. ఎలాగూ జరిగేవి కావన్నది అతని ధీమా. దొంగతనం మానడం కుదరదంటాడు కనుక, అయితే అబద్ధమాడడం మానమని గురువు అడుగుతాడు. అదే అతని మెడకు చుట్టుకుంటుంది.

ఇక కథంతా వ్యంగ్యం. ఆకలితో ఉన్న జనానికి గింజ విదల్చని భూస్వామి ధాన్యాన్ని దొంగ కొల్లగొట్టి పంచిపెడతాడు. రాజ ఖజానాలో చొరబడి అయిదు బంగారు మొహరీలు మాత్రం తీసుకుంటాడు. ఇదే అదనుగా ఖజానా అధికారి మరో అయిదు తన జేబులో వేసుకుని, పోయినవి పది అని లెక్క చూపిస్తాడు. దొంగ నిజమే చెబుతాడు కనుక అధికారి దొరికిపోతాడు. అతని సత్యసంధతకు ముగ్ధురాలైన రాణి ఏనుగును పంపుతుంది, బంగారు పళ్లెంలో వడ్డిస్తుంది, చివరికి తనను పెళ్లాడి రాజ్యమేలమంటుంది. సరదాకు చేసిన ప్రతిజ్ఞలన్నీ ఎదురొస్తాయి. ఒక్కొక్కటీ కాదంటాడు. జరిగింది ఎవరికీ చెప్పవద్దని రాణి బతిమాలుతుంది. ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పలేనంటాడు. రాణి అతన్ని చంపిస్తుంది.

శిబిరం నడుస్తున్న రోజుల్లోనే భిలాయి మైదానంలో సత్నామీల సమ్మేళనం జరుగుతోంది. 1756లో గిరోద్‌పురిలో పుట్టిన గురు ఘాసీదాస్ స్థాపించిన పంథం వారిది. అంటరానితనం భారం మోసిన దళిత సమాజానికి మనుషులందరూ సమానమన్న ఆత్మగౌరవాన్ని ఇచ్చిన ఉద్యమమది. వారి విశ్వాసానికి కేంద్రం సత్యం. సత్యమే దేవుడు, దేవుడే సత్యం అన్నది వారి పాటల సారాంశం. ఇక్కడ తన్వీర్ దగ్గర ఉన్న కథలోనూ నాయకుడు సత్యానికే ప్రాణమిచ్చేవాడు. అప్పటికింకా పూర్తికాని ఆ నాటకాన్ని ‘చోర్ చోర్’ అన్న పేరుతో ఆయన ఆ ఆరుబయట, వేలాది సత్నామీల ముందు ఆడించారు. నాటకం నిడివి గంట కూడా లేదు. జనం దాన్ని తమదిగా స్వీకరించారు.

ఆ పరిచయం నాటకం రూపాన్నే మార్చింది. సత్నామీల పంథీ పాటలు, నృత్యం అందులోకి ప్రవేశించి దాని వెన్నెముక అయ్యాయి. మొదట దొంగకు అమర్‌దాస్ అనే పేరు పెట్టారు. అది తమ గురువులలో ఒకరి పేరని సత్నామీలు అభ్యంతరం చెప్పారు. తన్వీర్ పేరు మార్చారు. దొంగ చరణ్‌దాస్ అయ్యాడు. నా దృష్టిలో ఈ చిన్న సంఘటన మొత్తం చరిత్రలో అత్యంత విలువైనది. ఒక సమాజానికి అభ్యంతరం కలిగింది. వారు రచయితకు చెప్పారు. రచయిత విన్నాడు. నాటకం బాగుపడింది. నడుమ పోలీసు లేడు, ప్రభుత్వ ఉత్తర్వు లేదు, మూక లేదు. సున్నితమైన విషయాలపై ప్రజాస్వామ్యంలో సంభాషణ ఎలా జరగాలో భిలాయి మైదానం చూపించింది.

1975లో నాటకం పూర్తి రూపంలో ఢిల్లీ చేరింది. అదే సంవత్సరం శ్యామ్ బెనెగల్ దాన్ని బాలల చిత్రంగా తీశారు. స్మితా పాటిల్ తెరకు పరిచయమైన తొలి చిత్రాలలో అదొకటి. 1982లో ఎడింబరో ఉత్సవంలో ‘ఫ్రింజ్ ఫస్ట్’ పురస్కారం లభించింది. ఛత్తీస్‌గఢీ ఒక్క ముక్క తెలియని ప్రేక్షకుల ముందు పల్లె నటులు గెలిచి వచ్చారు.

పార్లమెంటులో కవి, ప్రశ్నల మధ్య రచయిత

అభిమానం ఉన్నంతమాత్రాన అన్నీ మెచ్చుకోనక్కరలేదు. 1972లో ఆయన రాజ్యసభకు నామినేట్ అయ్యారు. 1978 వరకు ఆ సభ్యత్వం కొనసాగింది. అంటే అత్యవసర పరిస్థితి కాలమంతా ఆయన ఆ పదవిలోనే ఉన్నారు. నిజం చెప్పినందుకు రాజ్యం చంపిన మనిషి కథను ఆడిస్తున్న సంవత్సరమే దేశంలో నిజం చెప్పేవారి నోళ్లు మూతపడ్డాయి. చరణ్‌దాస్‌ను సృష్టించిన మనిషిని ఈ ప్రశ్న అడగకుండా వదిలేయడం చరణ్‌దాస్‌కే అవమానం.

మరో ప్రశ్న కళాకారుల జీవితాలకు సంబంధించింది. ఫిదాబాయి, ఠాకుర్ రామ్, భుల్వా రామ్, లాలూ రామ్, మదన్ నిషాద్, గోవింద్ రామ్ నిర్మల్కర్ వంటి అపూర్వ నటులు లేకపోతే నయా థియేటర్ లేదు. చరణ్‌దాస్‌గా ఏళ్ల తరబడి నటించిన గోవింద్ రామ్‌కు 2009లో పద్మశ్రీ వచ్చింది. అయినా వృద్ధాప్యంలో ఆయన అనారోగ్యం, ఆర్థిక ఇబ్బందులు పత్రికలకెక్కాయి. జానపద కళను దేశవిదేశాల్లో ఊరేగించే ప్రభుత్వాలు జానపద కళాకారుణ్ణి ఇంటికి పంపాక మరచిపోతాయి. ఈ విషయంలో తెలుగు రాష్ట్రాల చరిత్ర గొప్పగా ఏమీ లేదు.

తన్వీర్ పదవులలో ఒదిగిపోయి ఉంటే కథ ఇక్కడితో ముగిసేది. అలా జరగలేదు. బస్తర్ రాజు ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్ 1966లో జగదల్‌పూర్ రాజప్రాసాదంలో పోలీసు కాల్పులకు బలైన ఉదంతం ఆధారంగా 1985లో ‘హిర్మా కీ అమర్ కహానీ’ రాశారు. ఆదివాసులు దేవుడిలా కొలిచే రాజరికం ఒకవైపు, ఓట్లతో వచ్చి అడవిని అర్థం చేసుకోని ప్రభుత్వం మరొకవైపు. రెండింటిలో ఏదీ ఆదివాసిది కాదన్న అశాంతిని అందులో మిగిల్చారు. బస్తర్‌లో ఆ తరువాత జరిగినదంతా చూసినవారికి ఆ నాటకం నేటికీ పాతబడలేదు. 1988లో ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా సఫ్దర్ హష్మీతో కలిసి ‘మోటేరామ్ కా సత్యాగ్రహ్’ చేశారు. మరుసటి ఏడాది తొలి రోజునే సాహిబాబాద్ వీధిలో నాటకం ఆడుతుండగా సఫ్దర్‌పై దాడి జరిగింది. ఆయన మర్నాడు మరణించారు. దేశ విభజన నేపథ్యంలో అస్గర్ వజాహత్ రాసిన ‘జిస్ లాహోర్ నయీ దేఖ్యా’ను 1990లో వేదికకెక్కించారు. షేక్స్‌పియర్ ‘మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ను ఛత్తీస్‌గఢ్‌కు తెచ్చారు. భోపాల్ గ్యాస్ దుర్ఘటనపై రాహుల్ వర్మ ఆంగ్ల నాటకాన్ని ‘జహరీలీ హవా’గా మలిచారు. టాగూర్ నాటకాన్ని ‘రాజ్ రక్త్’గా ప్రదర్శించారు. శూద్రకుడు, షేక్స్‌పియర్, టాగూర్, ప్రేమ్‌చంద్ అందరూ ఆయన దగ్గర దుర్గ్ జిల్లా రైతుల నోట మాట్లాడారు. ఆయన బహుముఖత్వం అంటే నా దృష్టిలో ఇదే.

చీపురు పట్టిన స్త్రీకి భయపడినవారు

తన్వీర్‌కు అసలు పరీక్ష ‘పోంగా పండిత్’తో వచ్చింది. ఇది ఆయన రాసింది కాదు. 1930ల నాటి ఇద్దరు నాచా కళాకారులు ‘జమాదారిన్’ పేరుతో అల్లిన ప్రహసనం. పాకీపని చేసే స్త్రీ గుడిలోకి అడుగుపెడుతుంది. మైలపడిందని పూజారి గగ్గోలు పెడతాడు. ఆమె తాకిన మనిషిని దూరంగా ఉంచే పూజారికి ఆమె ఇచ్చే డబ్బు మాత్రం మైల కాదు. అంటరానితనంలోని కపటాన్ని ఆమె చేతనే బయటపెట్టించే ఆట అది. దశాబ్దాలపాటు ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో అన్ని కులాల హిందువులూ కలిసి కూర్చుని పగలబడి నవ్వుతూ చూశారు. ఎవరి మనోభావమూ దెబ్బతినలేదు.

1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చివేత తరువాత పరిస్థితి మారింది. అదే ప్రహసనం ఒక్కసారిగా హిందూమతంపై దాడిగా కనిపించింది. కారణం దర్శకుడి పేరు. పల్లె హిందువులు అల్లిన ఆటను ముస్లిం పేరున్న మనిషి ఆడించడమే నేరమైంది. ప్రదర్శనలమీద దాడులు జరిగాయి. 2003 ఆగస్టులో మధ్యప్రదేశ్‌లో నయా థియేటర్ పర్యటన సాగినంతమేరా ఆర్.ఎస్.ఎస్. అనుబంధ సంస్థల కార్యకర్తలు అడ్డుతగిలారు. కుర్చీలు విరిగాయి, ప్రేక్షకులను వెళ్లగొట్టారు. అప్పటికి ఎనభై ఏళ్లు నిండవస్తున్న తన్వీర్ వేదికమీదికి వచ్చి నాటకం గురించి వివరించేవారు, ప్రశ్నలుంటే అడగమనేవారు, ఆపై ఆడించేవారు. ఆ నాటకాన్ని జాబితా నుంచి తీసేయలేదు. అత్యవసర పరిస్థితి కాలపు ప్రశ్నకు ఆయన ఆలస్యంగా ఇచ్చిన జవాబు బహుశా ఇదే.

1876లో బ్రిటిష్ ప్రభుత్వం నాటక ప్రదర్శనల చట్టం తెచ్చి రంగస్థలం గొంతు నొక్కింది. స్వాతంత్ర్యం వచ్చిన డెబ్భై ఏళ్లకు, 2018లో, ఆ చట్టం రద్దయింది. ఇది సంతోషించవలసిన విషయమే. అయితే చట్టం చేసే పనిని మూక చేస్తున్నప్పుడు చట్టంతో అవసరమేమిటి? మూక ముందు నడుస్తుంది, శాంతిభద్రతల పేరుతో ప్రభుత్వం వెనక వస్తుంది. నిషేధం ఇప్పుడు చాలాసార్లు ఉత్తర్వు రూపంలో కూడా రాదు. హాలు ఇవ్వరు, అనుమతి పత్రం అందదు, అంతే.

2009: ఎవరి మనోభావం?

మళ్లీ మొదటికి వద్దాం. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రమైంది. 2007లో ఛత్తీస్‌గఢీకి రాజభాష హోదా దక్కింది. ఆ భాషను పాతికేళ్ల ముందే ఎడింబరో దాకా వినిపించిన నాటకం పుస్తకాన్ని రెండేళ్లు తిరక్కుండా ఆ రాష్ట్రమే నిషేధించింది. సత్నామీ మతగురువు ఒకరు అభ్యంతరం చెప్పగానే రమణ్ సింగ్ నాయకత్వంలోని బీజేపీ ప్రభుత్వం ఆగమేఘాలమీద స్పందించింది. ఇది ప్రదర్శనపై నేరుగా విధించిన నిషేధం కాదు, పుస్తకానికే పరిమితమన్న సమర్థన కూడా వినిపించింది. ఆడవచ్చు గానీ చదవరాదన్న తర్కం ఖజానా అధికారి లెక్కల వంటిది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. శతాబ్దాలపాటు ఇతరుల రాతల్లో అవమానాలు పడిన దళిత సమాజం, తమ గురించి ఎవరు ఏమి రాస్తున్నారో నిశితంగా చూడడంలో తప్పు లేదు. అభ్యంతరం చెప్పే హక్కు వారికి 1974లోనూ ఉంది, 2009లోనూ ఉంది. తేడా అభ్యంతరంలో లేదు, దాన్ని అందుకున్న చేతుల్లో ఉంది. 1974లో అది రచయిత చేతికి అందింది, పేరు మారింది. 2009లో రచయిత లేడు, అది ప్రభుత్వం చేతికి అందింది, పుస్తకమే మాయమైంది. సత్నామీల భూమి, కూలి, చదువు గురించిన విజ్ఞప్తులకు కూడా ప్రభుత్వాలు ఇంత వేగంగా స్పందించి ఉంటే ఈ ఔదార్యాన్ని నమ్మవచ్చు. ఆత్మగౌరవ ఆకాంక్షకు నిషేధాన్ని బదులుగా ఇవ్వడం చవకైన బేరం. ఖర్చు లేదు, ఓట్లు ఉన్నాయి. ఈ బేరంలో ఏ ఒక్క పార్టీకో పేటెంటు లేదన్నది మన అనుభవం.

తన్వీర్‌కు పద్మశ్రీ, పద్మభూషణ్, కాళిదాస్ సమ్మాన్, సంగీత నాటక అకాడమీ ఫెలోషిప్ అన్నీ వచ్చాయి. వాటన్నిటికన్నా పెద్ద గౌరవం భిలాయి మైదానంలో ఆ రాత్రి దక్కింది. తన నాటకంలో ఏ పేరు ఉండాలో, ఏ పాట ఉండాలో చెప్పగల చనువు ఆ ప్రజలు ఆయన దగ్గర తీసుకున్నారు. రచయితకు, ప్రజలకు మధ్య అటువంటి చనువు ఉన్నంతకాలం నిషేధాలతో పనిలేదు. ఆ చనువును తెంచి, ప్రజలకు బదులు తామే మాట్లాడతామని ముందుకొచ్చేవారు ఎప్పుడూ రాణి కొలువులోని మనుషులే.

రాణి చరణ్‌దాస్‌ను దొంగతనం చేసినందుకు శిక్షించలేదు. అన్ని దొంగతనాలనూ క్షమించింది. అడిగితే నిజం చెబుతానన్నందుకు చంపించింది. నాటకం చివర ఆ దొంగను జనం సత్పురుషుడిగా తలచుకుని పాడతారు. 1974లో ఆ పాట భిలాయి ఆరుబయట సత్నామీలు విన్నారు. ఆ తరువాత ఎన్ని ఉత్తర్వులు వచ్చినా నాటకం ఆగలేదు. నేటికీ ఎక్కడో ఒకచోట చరణ్‌దాస్ వేదికమీదికి వస్తూనే ఉన్నాడు, అడిగితే నిజం చెబుతూనే ఉన్నాడు.